పాత క్షురకత్తులు: ముద్రయు మాటయు

పాత క్షురకత్తులను సేకరించువారు మొదట వెదకునది ముద్ర. అలుగునకును తోకకును నడుమ కొట్టిన అక్షరములే వారికి శాసనము. ఈ పద్ధతి నిష్ప్రయోజనము కాదు. 'వి.ఆర్.' అను రాజచిహ్నము గల షెఫీల్డు కత్తి విక్టోరియా రాణి ఏలుబడిని, అనగా 1837-1901 నడిమి కాలమును, సూచించును. దిగుమతి వస్తువులపై దేశనామ ముండవలెనని అమెరికా 1890లో సుంకపు చట్టము చేసిన పిమ్మట 'ఇంగ్లండు', 'జర్మనీ' అను ముద్రలు ప్రబలినవి. జోలింగెన్ అను పేరునకు జర్మనీలో 1938లో చట్టరక్షణ లభించినది.

అయినను ముద్ర యొక్కటియే ప్రమాణము కాజాలదు. పిడి విరిగినచో కొత్తది వేయుదురు. నూరగా నూరగా అలుగు అరుగును. మెరుపునకై రుద్దినచో అక్షరములే మాయమగును. కావున అలుగును, పిడిని వేరువేరుగా పరీక్షింపవలెను.

పదముల విషయమునను ఇట్టి జాగ్రత్తయే అవసరము. గుజరాతీలో ఈ కత్తిని 'అస్త్రో' అందురు. చూపునకది సంస్కృత 'అస్త్ర' శబ్దమువలె తోచును. కాని హిందీ 'ఉస్తరా', మరాఠీ 'వస్తరా' పదములను ప్రక్కన నుంచి చూచినచో దారి పారసీక 'ఉస్తురా' వైపునకు పోవును. తెలుగు 'కత్తి' తమిళ కన్నడములకును ఉమ్మడి సొత్తు. 'క్షుర' శబ్దము ఋగ్వేదమునందే కలదు. గ్రీకు 'క్సురోన్' దానికి సోదరపదము. పనిముట్టు ఒకటియే, పేర్ల వంశములు మూడు.

ఈ పేర్లు ఒకచోట కలిసికొనుటకు అవకాశమున్న ఊళ్లలో పరిశోధన జరుగవలెను. సూరత్‌లో నేతపనికై తెలంగాణము నుండి వచ్చి స్థిరపడిన తెలుగువారు పెక్కుమంది కలరు. తాపీనదికి ఉత్తరమున నున్న కోసాడ్ మొదలుకొని ఆ నగరపు పేటలలో క్షౌరశాలల మాటలను సేకరించుట భాషావేత్తలకు తగిన పని. అంటువ్యాధుల భయముచే బ్లేడు మార్చు కత్తులు వ్యాపించి, నూరి వాడు కత్తులు మూలబడినవి. నూరుట తగ్గిన కొలది సానరాయికి, తోలుపట్టెకు, పనిముట్ల సంచియైన అడపమునకు సంబంధించిన మాటలును మరుగున పడును. కత్తి తుప్పుపట్టియైనను మిగులును. పలుకువాడు పోయిన పిదప మాట మిగులదు.

కావున సేకరించిన ప్రతి కత్తికిని ముద్ర ప్రతిబింబము, భాగముల స్థితి, అది చేతులు మారిన వైనము, వాడినవారు ఒక్కొక్క భాగమునకు చెప్పిన పేరు - ఈ నాలుగును వ్రాసియుంచవలెను. వెల నిర్ణయింపక ముందే, మెరుగు పెట్టక ముందే, ఈ పని జరుగవలెను. పేరు తెలియని కత్తి అలంకారవస్తువు మాత్రమే. పేరుతో కూడిన కత్తి వృత్తిచరిత్రకు ఆధారము.