ఏడాది సీజన్ ఎవరికి లాభం?
సూర్యలంక నుంచి బాపట్ల స్టేషన్‌కి ఆటో డబ్బులు ఎలాగూ తప్పవు. అక్కణ్ణుంచి తెనాలికి రోజూ వెళ్లొచ్చేవాళ్లు ఏ పూటకాపూట టికెట్ కొనడం మాత్రం శుద్ధ దండగ. సీజన్ టికెట్ తీసుకోవాల్సిందే. ఏ సీజన్ అన్నదే అసలు లెక్క. మూడు నెలలది నెల టికెట్‌కి 2.7 రెట్లు, ఆరు నెలలది 5.4, ఏడాదిది 10.8. గుణించి చూడండి, అన్నిట్లోనూ మిగిలేది అదే పది శాతం! ఏడాది డబ్బు ముందే కట్టేసినవాడికి రైల్వే అదనంగా ఇచ్చేదేమీ లేదు (పైగా ఆ డబ్బు మీద వడ్డీ పోయె). అందుకే నా ఓటు మూడు నెలలదానికి. చదువుకునేవాళ్లకు సంక్రాంతికో వేసవికో కాలేజీ మూసే రోజులు మధ్యలో పడితే అదీ వద్దు. మిగిలే తొమ్మిది రోజుల లాభాన్ని సెలవులే మింగేస్తాయి, నెలవారీది చాలు. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే సర్‌ఛార్జీ విడిగా కట్టాలి, పాసింజరు వేళ కుదిరినవాళ్లకు దాని జోలి అక్కర్లేదు. సీజన్ జేబులో ఉంది కదా అని రిజర్వేషన్ పెట్టెలో కూర్చుంటే, టీసీ రాసే జరిమానాతో మిగిలిందంతా గల్లంతే. రేపల్లె దాకా వెళ్లేవాళ్లు తెనాలిలో బండి మారాలి కదా అని రెండు సీజన్లు కొనేసుకోకండి. కొనేముందు బాపట్ల నుంచి రేపల్లెకి ఒకే సీజన్ ఎంతవుతుందో కౌంటర్లో అడగండి.