తీరం మ్యాపులో మన పేట - 4

విశాఖ 2041 మాస్టర్ ప్లాన్ సవరిస్తారంటే మనవాళ్లు "రోడ్డేదో వస్తుందిలే" అనుకుంటున్నారు. కాదు మిత్రులారా. అది నగరం దాటి తీర పల్లెల దాకా పోయే ప్లాను.

1991 నోటిఫికేషన్ తీర గ్రామాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు వద్దంది. 2019లో, చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న గ్రామాల్లో దాన్ని 50కి కుదించారు. అంటే మనం ఇరుక్కుని బతకడమే రిసార్టుకి దారైంది!

నేనడిగేది ఒక్కటే. జాలార్లు వల ఆరేసే ఇసుకకి, మా మాలపల్లి శ్మశానానికి, డి-పట్టా చెక్కకి మ్యాపులో ఏ రంగు?

చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మ్యాపుని పేట అరుగు మీద పరవండి. సర్వే నంబర్లు వెతకండి. గడువులోపు అభ్యంతరం రాసిచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని బాధ ఫైల్లో ఉండదు.

జై భీమ్.