గుత్తి కథ రాసిందెవరు?

ఏథెన్స్ ఎలా ఎదిగిందో రాసిన థుసిడిడీస్ ఆ నగరం మనిషే. సేనానిగా ఓ ఊరిని కాపాడలేకపోయి ఇరవై ఏళ్లు దేశం వదిలి బతికాడు. ఏథెన్స్ బలం పెరగడం స్పార్టాకు భయమైందనీ, యుద్ధానికి అసలు కారణం అదేననీ తేల్చిందీ ఆయనే. గెలుపూ ఓటమీ ఇంటివాడి కలంతోనే బయటికొచ్చాయి.

గుత్తికి అంత అదృష్టం పట్టలేదు. చుట్టూ మైదానం, మధ్యలో దాదాపు 300 మీటర్ల కొండ. విజయనగర రాజు బుక్కరాయల కాలపు శాసనం దీన్ని దుర్గాలకే రాజు అంది. 18వ శతాబ్దం నడుమ మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే దీన్ని స్థావరం చేసుకున్నాక, ఇక్కడి గుర్రపు దండు కోసం అటు ఫ్రెంచివాళ్లూ ఇటు ఇంగ్లీషువాళ్లూ బేరాలాడారు. చిన్న సంస్థానమే, కానీ కర్ణాటక యుద్ధాల్లో త్రాసు ఎటు మొగ్గాలో చెప్పేంత బరువు.

ఆ ఎదుగుదలను రాసినవాళ్లు మాత్రం బయటివాళ్లు. 1751లో ఆర్కాటు ముట్టడిలో క్లైవు యాభై రోజులు నిలిచాడు. ఆరువేల గుర్రాలతో దగ్గర్లోనే కదలకుండా కూర్చున్న మురారిరావు, ఇంగ్లీషువాళ్లకు పోరాడటం వచ్చని అప్పుడు నమ్మి సాయానికి కదిలాడంటాడు కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్. పొగడ్త ఎవరికో చూశారుగా! కొంతకాలానికే ఆయన ఫ్రెంచి పక్షం చేరితే అదే కలానికి నమ్మదగని మనిషయ్యాడు. జీతానికి పోరాడే దండు అప్పట్లో అందరికీ ఉండేది. ఆ ఒక్కడినే నిందించడం న్యాయం కాదు.

పతనం గురించి రాసింది మార్క్ విల్క్స్. మైసూరులో కంపెనీ రెసిడెంటుగా పనిచేసినవాడు. ఆయన పుస్తకం మొదటి సంపుటి 1810లో వచ్చింది. 1776లో హైదర్ అలీ కోటను చుట్టుముట్టాడు. గోడలు కూలలేదు. సొమ్ము ఇస్తామని రాజీ కూడా కుదిరింది. జామీనుగా పంపిన ఓ యువకుడు హైదర్ విడిదిలో నోరు జారాడు... కోటలో నీళ్లు అయిపోయాయని! హైదర్ ఏదో సాకు చెప్పి ముట్టడి బిగించాడు. దాహానికి కోట లొంగింది. మురారిరావును కబ్బాళదుర్గానికి పంపారు. అక్కడే చనిపోయాడు.

అనంతపురం జిల్లావాళ్లకు ఈ కథలో కొత్త విషయమేమీ లేదు. ఇక్కడ ఫిరంగి కంటే బావి పెద్దది.

కొండ అంచున మురారిరావు కూర్చుని చదరంగం ఆడేవాడని చెప్పే చిన్న మంటపం ఇంకా ఉంది. చూడబోయేవాళ్లు ఎండెక్కకముందే కొండెక్కాలి. నీళ్ల సీసా మరిచిపోకండి.