పద్మిని తాళం ఎవరి దగ్గరుండాలి?

ఈమధ్య మా ఇంటికి ఎవరొచ్చినా హాల్లోకి రావడం లేదు, తిన్నగా షెడ్డులోకే వెళ్తున్నారు. అక్కడ మా 1979 ప్రీమియర్ పద్మిని ఉంటుంది. దాని చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యేసి, "అబ్బ, మీవారు ఎంత బాగా చేశారండీ!" అంటారు. వెనకాల కాఫీ ట్రే పట్టుకుని నేనుంటాను. నా తగువల్లా ఆ ఒక్క మాటతోనే.

మావారు ఏమీ చేయలేదని అనను. ఆయన ముచ్చట పడకపోతే అది పాతసామాన్ల వాడి దగ్గరికి తూకానికి వెళ్ళేది. మామగారు తెనాలిలో వకీలు. కారు కావాలంటే బుక్ చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సిన రోజుల్లో ఎదురుచూసి మరీ తెచ్చుకున్నారు. ఆయన పోయాక పదకొండేళ్ళు షెడ్డులో పడి ఉంది. వెనక సీట్లో పిల్లి రెండుసార్లు ఈనింది. డిక్కీలో కొబ్బరిపీచు దాచేవాళ్ళం, నిజం చెప్పాలంటే దాచేదాన్ని.

కానీ ఆ రెండేళ్ళు ఎవరేం చేశారో నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు.

ఇంజను దించి విజయవాడ ఆటోనగర్‌కి పంపాం. రీబోరు, లేత్ పని అక్కడే అయ్యాయి. మిగతా బండి మాత్రం మా షెడ్డులోనే, ఆదివారాలు, ముక్కముక్కలుగా విప్పాం. మొదటి ఆదివారం విప్పిన నట్లూ బోల్టులూ అన్నీ ఒకే డబ్బాలో పోశారు. మరుసటి ఆదివారం ఏది ఎక్కడిదో తెలియక మధ్యాహ్నం దాకా తల గోక్కున్నారు. అటక మీంచి పాత పోపుల డబ్బాలు మూడు దించి, గిన్నెకో చీటీ అంటించి, తలుపువి, డైనమోవి, కార్బురేటర్‌వి వేరుచేసింది నేను. కార్బురేటర్ జెట్‌లో మట్టి ఉందని తీగ పెట్టి పొడవబోతే చెయ్యి పట్టుకుని ఆపిందీ నేనే. మా అమ్మ పంపు స్టవ్వుకి పిన్ను కొట్టీ కొట్టీ రంధ్రం పెద్దదై, మంట ఎర్రగా వచ్చి గిన్నెలన్నీ మసిబారడం చిన్నప్పుడు చూశాను. జెట్ కూడా అంతే. రంధ్రం పెద్దదయిందంటే పెట్రోలు తాగేస్తుంది. పెట్రోల్లో నానబెట్టి గాలి కొట్టాలి. మెకానిక్కూ ఆ మాటే అన్నాడు. ఆయన అన్నాక మావారు నమ్మారు.

సీట్ల సంగతి చెప్తాను వినండి. పాత సీటు కవరు చింపి పారేయబోతే ఆపి, బ్లేడుతో కుట్టు కుట్టూ విప్పాను. ఆ ముక్కలే ఆది జాకెట్టు ఇచ్చినట్టు సీట్లు కుట్టే ఆయనకిస్తే, కొత్త రెగ్జిన్ కవరు ముడత లేకుండా కూర్చుంది. నా కుట్టుమిషను రెగ్జిన్ మందాన్ని లాగలేదు, లేకపోతే అదీ కుట్టేదాన్నే.

ఇక బ్రేకులు. మా ఇద్దరికీ అసలు యుద్ధం అక్కడే. ఆయనకి ముందు రంగు కావాలి. ఫోటో తీసి స్నేహితులకి పంపాలి కదా! నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు, లోపలి రబ్బర్లు ఎండిపోయిన ఒరుగుల్లా ఉన్నాయి. ఆగని బండికి రంగేసి ఏం చేస్తాం? పెట్రోలు పైపుదీ అదే స్థితి. ఇప్పుడు వచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలుకి నలభై ఏళ్ళ నాటి రబ్బరు నిలవదు. "ముందు బ్రేకులు, తర్వాత పైపులు, ఆ తర్వాతే మీ రంగు" అని ఇంటి ఖర్చుల పుస్తకం నా దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. రెండేళ్ళకి లక్షా ఎనభై అయిదు వేలు తేలింది. అది మా ఇద్దరి డబ్బు. నా చీటీ పాట డబ్బు ముప్ఫై వేలు అందులోనే ఉంది. ఇంటి డబ్బుతో, ఇంట్లో అందరి చేతులతో లేచిన బండి "ఆయనగారి సరదా" ఎలా అవుతుంది?

ఇక్కడ మనవాళ్ళనీ ఒక మాట అనాలి. "ఆ డబ్బుతో నాలుగు గాజులొచ్చేవి, నీకెందుకే ఆ గ్రీజు గోల" అని మా పిన్ని అంది. గ్యాసు పొయ్యి బర్నరు విప్పి కడుగుతాం, కుక్కర్ గాస్కెట్ మారుస్తాం, మిక్సీ బుష్ పోతే చప్పుడు విని చెప్తాం. బానెట్ ఎత్తేసరికి మాత్రం "మనకేం తెలుసు" అని రెండడుగులు వెనక్కి వేస్తాం. అలా వేసినంత కాలం కాఫీ ట్రే మన చేతుల్లోనే ఉంటుంది.

కాగితాల దగ్గర ఇంకో ముచ్చట జరిగింది. ఆర్‌సీ ఇంకా మామగారి పేరునే ఉంది. యజమాని పోతే ఫారం 31 పెట్టి వారసుల పేరుకి మార్పించుకోవాలి. అత్తయ్య, మా ఆడపడుచు సమ్మతి సంతకాలు పెడితేగానీ బండి మావారి పేరుకి రాలేదు. ఎనభై ఒకటో ఏట అత్తయ్య వణికే చేత్తో సంతకం పెట్టి, "ఈ కారు కాగితం మీద నా పేరు రాయడం ఇదే మొదలు" అంది. నవ్వుతూనే అందనుకోండి. ఆ తర్వాత ఓ సాయంత్రం సీటు కుట్లు విప్పుతుంటే పక్కన కూర్చుని, "దీని ముందు సీట్లో నేనెప్పుడూ కూర్చోలేదే" అంది.

మొదట నాకు అర్థం కాలేదు. పద్మిని ముందు సీటు బెంచీలా ఉంటుంది, గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది కాబట్టి ముగ్గురు హాయిగా పడతారు. ఆ ముగ్గురూ ఎప్పుడూ మగవాళ్ళేనట. మామగారు, ఆయన క్లయింటు, పెద్దబ్బాయి. ఆడవాళ్ళూ పిల్లలూ వెనక, పుష్పక విమానంలా ఎంతమందైనా. బండి వచ్చిన రోజు హారతిచ్చింది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది, దిష్టి తీసింది అత్తయ్యే. ఇరవై ఏళ్ళు రోడ్డుని మాత్రం డ్రైవరు తల పక్కనుంచే చూసింది. బి.ఏ.లో పద్మిని, చిత్రిణి, శంఖిని, హస్తిని అని నాయికల జాతులు చదువుకున్నాం. ఈ పద్మినికి పేరు చిత్తోడు రాణిది. బండికి ఆడపేరు పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

ఇప్పుడు అసలు గొడవకొస్తాను. 2029కి మా బండికి యాభై ఏళ్ళు నిండుతాయి. అప్పుడు దాన్ని వింటేజ్ బండిగా రిజిస్టర్ చేయించాలని మావారి పట్టుదల. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు అవి. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బండ్లకి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. గౌరవమే, కాదనను. కానీ అలా రిజిస్టరయిన బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలు కొట్టించడానికి, మరమ్మతుకి రోడ్డెక్కొచ్చు. కూరగాయలకీ గుడికీ వీల్లేదు. దానికన్నా 10,000 కట్టి, ఫిట్‌నెస్ చూపించి, అయిదేళ్ళకోసారి మామూలు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడమే మేలంటాను.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూశాను. ఆరో నిజాం ఆర్డరిచ్చి, అది రాకముందే కన్నుమూశారు. మెరిసిపోతోంది. దాని చుట్టూ తాడు కట్టి ఉంది. నా ఇంట్లో తాడు కట్టించుకోవడానికా నేను రెండేళ్ళు పోపుల డబ్బాల్లో బోల్టులు లెక్కపెట్టింది?

మావారి వాదనలో పస లేదని కాదు. హెడ్‌లైటు రింగు పగిలితే మళ్ళీ దొరకడానికి నెలలు పడుతుంది. పవర్ స్టీరింగ్ లేదు, మెల్లగా మలుపు తిప్పుతుంటే భుజాలు లాగేస్తాయి. ఎండాకాలం పెట్రోలు పంపు వేడెక్కి బండి నడిరోడ్డు మీద ఆగితే తడిగుడ్డ వేసి కూర్చోవాలి. అందుకే హైవే ఎక్కను, చీకటి పడ్డాక తీయను. అంతవరకు ఒప్పుకున్నాను. "ఆడవాళ్ళకి ఆ స్టీరింగ్ బరువు" అన్న మాట మాత్రం ఒప్పుకోను. నిండు నీళ్ళ డ్రమ్ము ఇంట్లో ఎవరు జరుపుతారో ఎప్పుడైనా చూశారా అని అడిగాను.

పోయిన శనివారం పొద్దున్నే చోక్ లాగి, స్టార్ట్ చేసి, అయిదు నిమిషాలు వేడెక్కనిచ్చి నేనే బయటికి తీశాను. అత్తయ్య ముందు సీట్లో, నా పక్కన. మావారు వెనక, అత్తయ్య చేతికర్ర, నీళ్ళ సీసా, తడిగుడ్డ పట్టుకుని. వైకుంఠపురం గుడికి వెళ్ళాం. దారిలో రెండుసార్లు "గేరు, గేరు!" అని వెనకనుంచి కేక వినిపించింది. అత్తయ్య తల తిప్పకుండానే "నువ్వు ఊరుకోరా, అది చూసుకుంటుంది" అంది. కాలవ గట్టు మీదికి రాగానే నా చెయ్యి తట్టి, హారన్ తను కొట్టొచ్చా అని అడిగింది. ఎదురుగా ఎవరూ లేరు. అయినా మూడుసార్లు కొట్టింది.

తాళం ఇప్పుడు వంటింట్లో, పోపుల డబ్బా పైన మేకుకి వేలాడుతోంది. 2029 సంగతి మాత్రం మా ఇంట్లో ఇంకా తేలలేదు. నిన్న రాత్రి కూడా దాని మీదే వాదించుకున్నాం.