రెండు తలుపుల కారు, నా జాకెట్ల డబ్బులు

మా ఇంట్లో ఇంతవరకూ కొన్న ప్రతి కారూ ఎవరో ఒకరి కోసం కొన్నదే. మొదటి కరోలా మావారి ఆఫీసు కోసం. 2005 సియెన్నా వ్యాను పిల్లల కార్ సీట్ల కోసం, ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళ కోసం, వాళ్ళతో వచ్చే ఊరగాయ జాడీల కోసం. తర్వాత కొన్న క్యామ్రీ మళ్ళీ ఆయన ఆఫీసుకే. ఆ వ్యానుని మాత్రం పందొమ్మిదేళ్ళు నేనే తోలాను. స్కూళ్ళు, కూచిపూడి క్లాసులు, డెంటిస్టులు, డాలస్ ఎండలో పార్కింగ్ లాట్లలో పడిగాపులు. రెండు లక్షల ముప్పై వేల మైళ్ళు తిరిగి, చిన్నది ఆస్టిన్ కాలేజీకి వెళ్ళిన నెలలోనే అదీ చతికిలబడింది. తన పని అయిపోయిందని దానికి కూడా తెలిసినట్టుంది.

"నీకు కారు కావాలి కదా, ఓ పాత రావ్‌ఫోర్ చూద్దాం" అన్నారు మావారు.

"నాకు టాపు తీసే కారు కావాలి" అన్నాను.

ఆయన చదువుతున్న ఫోను పక్కన పెట్టి నా మొహం చూశారు. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆ చూపు నేను చూసింది రెండుసార్లే. మొదటిది, కాన్పుకి పుట్టింటికి వెళ్ళను, ఇక్కడే ఉంటానన్నప్పుడు.

ఇంక చుట్టాల సంగతి చెప్పేదేముంది. న్యూజెర్సీ నుంచి ఆడపడుచు ఫోను. "అదేంటి వదినా, పైకప్పు లేని కారా? పిల్లాడికి కొంటున్నారేమో అనుకున్నా." ఈ ఊళ్ళో స్నేహితురాలైతే ఇంకా సూటిగా, "మన వయసుకి బావుంటుందా?" అంది. మన వయసు అంటే యాభై రెండు. ఈ దేశంలో అలాంటి కార్లలో తిరిగేవాళ్ళు చాలామంది అరవై దాటిన అమ్మమ్మలేనని ఆమె ఎప్పుడూ గమనించలేదు కాబోలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. పిల్లలు ఎదిగి, ఇంట్లో ఇంకో నాలుగు తలుపుల కారు ఉంటే, పాత మధ్య సైజు కూపేగానీ కన్వర్టబుల్‌గానీ కొనుక్కోవడం తిక్క పనేమీ కాదు. అదే డబ్బుకి దొరికే ఎస్‌యూవీ కంటే సుఖం, చాలాసార్లు లాభం కూడా. కానీ కళ్ళు తెరుచుకుని కొనాలి.

ముందు లాభం సంగతి. పాత కార్ల బజారులో ధర నిర్ణయించేది గిరాకీ. మూడు కార్ సీట్లు పట్టే బండి అందరికీ కావాలి, కాబట్టి నూట యాభై వేల మైళ్ళు తిరిగిన ఎస్‌యూవీకి కూడా బేరం ఉండదు. రెండు తలుపుల బండి సంసారులకి అక్కర్లేదు, కుర్రాళ్ళకేమో ఇంకా దూకుడుది కావాలి. మధ్యలో మిగిలిపోయేవే ఈ మధ్య సైజువి. పైగా కంపెనీలే వీటిని చేయడం మానేశాయి. క్యామ్రీ సొలారా 2008 మోడల్‌తో ఆగిపోయింది, అకార్డ్ కూపే 2017తో. వీటిని చాలామంది ఇంట్లో రెండో కారుగా, మూడో కారుగా ఉంచుకుంటారు కాబట్టి ఏళ్ళు ఎక్కువైనా మైళ్ళు తక్కువున్నవి వెతికితే దొరుకుతాయి. కన్వర్టబుల్ అయితే చలికాలంలో కొనాలి. జనవరిలో టాపు తీసే కారుని అమ్మేవాడు బతిమాలతాడు, ఏప్రిల్‌లో మనం బతిమాలాలి.

సుఖం సంగతి. చిన్న స్పోర్ట్స్ కార్లు నేలకి ఆనుకుని ఉంటాయి. ఎక్కడం సరే, దిగేటప్పుడు మోకాళ్ళు మొర్రోమంటాయి. ఈ మధ్య సైజువి పేరుకి కూపేలేగానీ కింద ఉన్నది సంసారపక్షపు కారే. సొలారా అంటే ముస్తాబైన క్యామ్రీ. ముందు సీట్లు వెడల్పు, నడక మెత్తన, డిక్కీలో వారానికి సరిపడా కిరాణా పడుతుంది. టాపు మడిస్తే డిక్కీ కొంత తగ్గుతుందనుకోండి. నేను చూసిన 2008 సొలారా కన్వర్టబుల్‌లో ఉన్నది 3.3 లీటర్ల వీ6 ఇంజను. మా సియెన్నాలో ఉన్నదీ అదే! పందొమ్మిదేళ్ళు కాపురం చేసిన ఇంజను కదా, దాని గుణగణాలు నాకు తెలుసు. 90 వేల మైళ్ళకి టైమింగ్ బెల్టు మార్చాలని, అది చేయించకపోతే ఏ రోజైనా నడిరోడ్డు మీద నిలబెట్టేస్తుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇబ్బందులు కూడా దాచను. తలుపులు మరీ పొడుగు. ఇండియన్ స్టోరు పార్కింగ్‌లో ఆదివారం పూట పక్క బండిని తగలకుండా దిగడం ఒక విద్య. సీటు బెల్టు వెనకెక్కడో ఉంటుంది, ఒళ్ళు తిప్పి అందుకోవాలి. చీర కట్టుకుంటే కొంగు తలుపులో పడిందేమో రెండుసార్లు చూసుకోవాలి. పైకప్పు కోసేసిన కారు కాబట్టి గతుకుల మీద అద్దాలు, డ్యాష్‌బోర్డు కాస్త గలగలలాడతాయి. ఆ చప్పుడు భరించలేనివాళ్ళు కూపే కొనుక్కోవడం మంచిది, గట్టిగా ఉంటుంది. ఇక జూలైలో డాలస్ ఎండకి టాపు తీస్తే మనం అప్పడాలమే. వసంతంలో వడగళ్ళకి గుడ్డ టాపు బయట పెట్టకూడదు. గరాజు లేనివాళ్ళు ఈ ఆలోచన మానుకోండి. చంటిపిల్లలున్నవాళ్ళు కూడా. వెనక సీట్లోకి వంగి ఆ కార్ సీటు బిగించేసరికి నడుము పడిపోతుంది.

డబ్బు సంగతికొస్తాను. అసలు గొడవ అక్కడే వచ్చింది.

పదకొండేళ్ళుగా నేను జాకెట్లు కుడుతున్నాను. పెళ్ళిళ్ళ సీజనులో రాత్రి రెండింటి వరకూ మెషీను ముందే. ఆ డబ్బుతో మా పెద్దవాడి పుస్తకాలు కొన్నాను, అమ్మ కంటి ఆపరేషనుకి పంపాను. మిగిలినవి తొమ్మిది వేల చిల్లర డాలర్లు. కారు ఆ డబ్బుతోనే కొంటాను, నా పేరునే ఉండాలి అన్నాను. మావారికి కారు కంటే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది.

"టెక్సాస్ చట్టం ప్రకారం పెళ్ళయ్యాక సంపాదించి కొన్నది ఎవరి పేరున ఉన్నా ఇద్దరిదీ. తెలుసా?" అన్నారు.

"అయితే నా పేరున ఉంటే మీకేం పోయింది?"

దానికి జవాబు రాలేదు. రెండు రోజులు ఇంట్లో పప్పూ చారుతోనే సరిపెట్టుకున్నాం. మూడో రోజు కాఫీ కప్పు పట్టుకుని ఆయనే వచ్చి, "ఈ ఊళ్ళో ఒకటుందిట, చూసొద్దామా?" అన్నారు. అసలు ఆయన బాధేమిటో దారిలో తెలిసింది. ఆయన నాన్నగారు ఊళ్ళో పాత అంబాసిడర్ కొని, ఆ రిపేర్లకే రెండేళ్ళ జీతం పోగొట్టుకున్నారట. పాత బండి అనగానే ఈయనకి ఆ షెడ్డు గుర్తొస్తుంది. ఆ మాట మొదటే చెప్పి ఉంటే నేను అంత పెడసరంగా మాట్లాడేదాన్ని కాదు.

మొదట చూసింది ఒక చిన్న డీలరు దగ్గర. ఎర్రటి కన్వర్టబుల్, తళతళలాడుతోంది. కిటికీకి అంటించిన బయ్యర్స్ గైడ్ కాయితం చూశాను. డీలర్లు అది పెట్టి తీరాలని ఇక్కడ ఫెడరల్ రూలు. "యాజ్ ఈజ్" అన్న గడిలో టిక్కు ఉంది. అంటే గేటు దాటాక ఇంజను ఊడిపడినా అతనికి సంబంధం లేదు. కారులో కూర్చోగానే గుప్పుమని మల్లెపూల స్ప్రే. ఇంత స్ప్రే ఎందుకా అని డిక్కీలో స్పేర్ టైరు కింద చెయ్యి పెట్టాను. సన్నటి ఇసక, తుప్పు పట్టిన బోల్టులు. వానాకాలం మన బియ్యం డబ్బాలకి పట్టే ముక్క వాసన తెలిసిన ఆడవాళ్ళని స్ప్రేలు మోసం చేయలేవు. 2017లో హార్వీ తుఫానుకి హ్యూస్టన్‌లో లెక్కలేనన్ని కార్లు మునిగాయి. అన్నీ తుక్కుకి పోలేదు. హిస్టరీ రిపోర్టు శుభ్రంగా ఉన్నంత మాత్రాన బండి శుభ్రమైనది కాదు. ఇన్సూరెన్సు క్లెయిము చేయకపోతే ఆ రిపోర్టుకి ఎలా తెలుస్తుంది?

నాలుగో కారు నాది. రిటైరైన ఒక టీచరమ్మ అమ్ముతున్నారు. 2008 సొలారా, 91 వేల మైళ్ళు, లేత బంగారు రంగు. అడిగింది 8,900. ఆవిడ కాఫీ ఇచ్చి, ఆయిల్ మార్చిన రసీదులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలోంచి తీసి చూపించారు. టైమింగ్ బెల్టు రసీదు మాత్రం అందులో లేదు.

వెంటనే బేరమాడలేదు. వీఐఎన్ నంబరు పెట్టి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో రీకాల్స్ చూశాను, ఉచితమే. టకాటా ఎయిర్‌బ్యాగుల గొడవ విన్నారు కదా, ఏ పాత కారు కొన్నా ఈ పని చేయకుండా ఉండొద్దు. ఎన్‌ఐసీబీ వాళ్ళ వీఐఎన్ చెక్ కూడా ఉచితమే, దొంగతనం, సాల్వేజ్ రికార్డులు అందులో తెలుస్తాయి. తర్వాత మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి 160 డాలర్లిచ్చి పరీక్ష చేయించాను. 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు, మా వైపు పొగ పరీక్ష ఒకటే మిగిలింది. ఇక మన తనిఖీ మనమే చేయించుకోవాలి.

అతను టాపుని మూడుసార్లు తీసి, మూడుసార్లు వేసి చూశాడు. నీళ్ళు పోసి లోపలికి కారుతోందేమో చూశాడు. టైరు పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత చివరి నాలుగంకెలు చూపించాడు: 3216. అంటే 2016లో 32వ వారంలో తయారైంది. మెట్టు బాగానే ఉన్నా రబ్బరు ముసలిదైపోయింది. బెల్టు పాతదే అన్నాడు. ఈ రెండూ పట్టుకుని 8,200కి తెగ్గొట్టాను. మావారు పక్కన నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. అది ఆయన చేసిన పెద్ద సాయం.

టీచరమ్మా నేనూ కలిసే కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్ళి టైటిల్ మార్పించుకున్నాం. అమ్మేవాళ్ళని వెంటబెట్టుకునే వెళ్ళండి, కాయితాల్లో సంతకం తప్పితే మళ్ళీ వాళ్ళ చుట్టూ తిరగాలి. టెక్సాస్‌లో పన్ను 6.25 శాతం. కొన్న ధర మీదా, లేక వాళ్ళు కట్టిన విలువలో ఎనభై శాతం మీదా, ఏది ఎక్కువైతే దాని మీద. కాబట్టి కాయితం మీద ధర తగ్గించి రాయించే తెలివితేటలు ఇక్కడ చెల్లవు. కౌంటర్‌లో అమ్మాయి "ఓనర్ పేరు?" అంది. నా పేరు ఒక్కో అక్షరం చెప్తుంటే గొంతు కాస్త వణికింది. నవ్వకండి. ఇంటి కాయితాల్లో నా పేరు రెండోది. బ్యాంకులో రెండోది. ఇందులో ఒక్కటే ఉంది.

బెల్టూ, వాటర్ పంపూ కలిపి 1,050, నాలుగు టైర్లు 560. నా జాకెట్ల డబ్బులు సరిపోక చివర్లో ఆరేడు వందలు మావారిని అడిగాను. "అప్పా?" అన్నారు. "అప్పే" అన్నాను. దసరాకి కుట్టిన జాకెట్ల డబ్బుతో తీర్చేశాను. ఆయన తీసుకున్నారు, వద్దనలేదు. వద్దని ఉంటే నాకు నచ్చేది కాదు.

మార్చిలో అత్తయ్యగారు వచ్చారు. ఫోనులో ఆడపడుచు ముందే అన్నీ ఎక్కించినట్టుంది, గరాజులోకి తొంగిచూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఉగాది సాయంత్రం ఫ్రిస్కో హనుమాన్ గుడికి బయల్దేరాం. మావారు క్యామ్రీ తాళాలు వెతుక్కుంటుంటే ఆవిడ నా కారు దగ్గర నిలబడి, "దీంట్లో వెనకాల నేనెక్కలేనమ్మా" అన్నారు. మీరు ముందు కూర్చోండి అత్తయ్యగారూ, ఆయన వెనక కూర్చుంటారు అన్నాను. మావారు ముందు సీటు మడిచి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని వెనక సర్దుకున్నారు. ఆవిడ కొంగు తల చుట్టూ బిగించి చుట్టుకుని, బెల్టు పెట్టించుకున్నారు.

సందు మలుపు తిరిగాక అడిగారు, "ఆ కప్పు తీస్తారటగా అమ్మాయ్, ఎలా తీస్తారో?"