మందు కూడా ఒక అమానతే

బిడ్డ ఒళ్ళు వెచ్చబడితే తల్లి మనసు నిలవదు. తెల్లవారేసరికి జ్వరం దిగిపోవాలని కోరుకుంటుంది. ఆ ఆరాటాన్ని తప్పు పట్టలేము. కాని “ఆ డాక్టరుగారు పిల్లవాడికి యాంటీబయాటిక్ రాయనే లేదు” అని తల్లిదండ్రులు నొచ్చుకోవటం మేము తరచు వింటుంటాము. నిజానికి అది నిర్లక్ష్యం కాదు, చాలాసార్లు అదే సరైన వైద్యం.

యాంటీబయాటిక్ మందులు బ్యాక్టీరియా మీదనే పనిచేస్తాయి. పిల్లల జలుబుకు, చాలామటుకు దగ్గుకు, గొంతునొప్పికి కారణం వైరస్. దాన్ని ఈ మందులు ఏమీ చేయలేవు. పైగా అనవసరంగా వాడినప్పుడల్లా ఒంట్లోని బ్యాక్టీరియాలో బలహీనమైనవి చచ్చి, మందును తట్టుకోగలిగినవి మిగిలి వృద్ధి చెందుతాయి. అవి తోబుట్టువులకూ, ఇరుగుపొరుగు పిల్లలకూ సోకుతాయి. రేపు నిజంగా న్యుమోనియా వచ్చిననాడు ఆ మందు పనిచేయకపోవచ్చు. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లోనే తన నోబెల్ ఉపన్యాసంలో ఈ ముప్పు గురించి హెచ్చరించారు. మందులకు లొంగని బ్యాక్టీరియా మూలంగా 2019లో ప్రపంచమంతటా సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించారని అంచనా. వారిలో ఇంచుమించు ఐదో వంతు ఐదేళ్ళలోపు పసివారే.

అంటే మందు మానమని కాదు. అవసరమైనచోట ఆలస్యం చేయటమూ ప్రమాదమే. దగ్గుతో ఉన్న బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషంపాటు ఊపిరి లెక్కించండి. రెండు నెలలు నిండి ఏడాది లోపు శిశువుకు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డకు 40, లేదా అంతకు మించితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా పడి ఉన్నా అంతే. రెండు నెలల లోపు శిశువుకు జ్వరం వస్తే ఒక్క పూట కూడా వేచి ఉండరాదు. నీళ్ళ విరేచనాలకు ముఖ్యమైన చికిత్స ఓఆర్‌ఎస్, జింకు. రక్తం పడితే డాక్టరుకు చూపించాలి.

తల్లిదండ్రులకు మా మనవి ఇది. అట్టమీద నిలువుగా ఎర్ర గీత ఉన్న మందును చీటీ లేకుండా కొనకండి. పెద్ద బిడ్డకు వాడగా మిగిలిన సిరప్‌ను చిన్న బిడ్డకు పోయకండి. మోతాదు బరువునుబట్టి ఉంటుంది. డాక్టరు రాసినన్ని రోజులు తప్పక వాడండి. “బలమైన మందు రాయండి” అనే బదులు “ఇది అవసరమేనా? ఏ లక్షణం కనిపిస్తే మళ్ళీ తీసుకురావాలి?” అని అడగండి.

పనిచేసే మందు మనమందరం పంచుకునే అమానతు. మన ఇంట్లో దాన్ని వృథా చేస్తే, ఎవరి బిడ్డకో, బహుశా మన బిడ్డకే, అవసరమైన వేళ అది అందకుండా పోతుంది.