కన్ను చెప్పే వేగం

హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న మా పూర్వ విద్యార్థి ఒకడు ఇటీవల మాకొక వీడియో చూపించాడు. మంచుకొండపై ఒక యువకుడు స్కీలతో వెనక్కి తిరిగి జారుతూ వచ్చి, గట్టు మీది నుండి గాలిలోకి ఎగిరాడు.

“గట్టు సరిగా కనబడకుండా వేగమెలా తెలుస్తుంది?” అని అడిగాము.

“ముందుగా ఎదురు చూస్తూ జారి, ఎక్కడ బయలుదేరితే తగిన వేగం వస్తుందో గుర్తు పెట్టుకుంటారు హజ్రత్. ఆ తర్వాతే వెనక్కి తిరుగుతారు” అన్నాడు.

“మరి ఔటర్ రింగ్ రోడ్డు దిగి గచ్చిబౌలిలోకి వచ్చేటప్పుడు నీవు దేన్ని నమ్ముతావు?” అన్నాము. అతడు మౌనం వహించాడు.

గంటకు 100 కిలోమీటర్ల వేగానికి అలవాటుపడిన కంటికి 60 నత్తనడకగా తోస్తుంది. కాని వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. 2019 నవంబరు 23న బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మలుపులో అదుపు తప్పిన కారు కిందపడి, రోడ్డు పక్కన నిలిచివున్న ఒక మహిళ ప్రాణం తీసింది. అక్కడి పరిమితి 40. కారు వేగం 100 దాటిందని పోలీసులు తెలిపారు.

కనుక రింగ్ రోడ్డు దిగగానే కంటిని గాక స్పీడోమీటరును నమ్మండి. ఇంట్లోని వారు కూడా “ఎక్కడిదాకా వచ్చావు?” అంటూ ఫోన్ చేసి తొందరపెట్టకండి. దారిన పోయేవారి ప్రాణాలు సైతం మన చేతిలోని అమానతే.